శ్రీకాకుళం నుంచి డల్లాస్‌కు: విమాన దూరాన్నీ ప్రయాణ సమయాన్నీ మీరే లెక్కకట్టుకోవడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పిల్లలు అమెరికాలో స్థిరపడిన ఇళ్లలో, వీసా చేతికి వచ్చిన రోజు నుంచి వినిపించే ప్రశ్నలు రెండే: అక్కడికి ఎంత దూరం, చేరడానికి ఎన్ని గంటలు? ఫోన్‌లో వెతికితే రెండింటికీ క్షణంలో జవాబు దొరుకుతుంది. అయితే ఆ జవాబు రెండు విమానాశ్రయాల మధ్య గీసిన ఊహారేఖకు సంబంధించినదే గానీ, మీ ఇంటి గుమ్మం నుంచి వారి ఇంటి గుమ్మం దాకా సాగే ప్రయాణానికి సంబంధించినది కాదు. ఈ రెండు లెక్కల మధ్య ఇరవై గంటల దాకా తేడా వస్తుంది. ఆ తేడా ఎక్కడెక్కడ పుడుతుందో తెలుసుకుని, మీ లెక్క మీరే వేసుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణగా తెలుగువారు ఎక్కువగా ఉండే డల్లాస్‌ను తీసుకున్నాను. మీ పిల్లలు వేరే నగరంలో ఉంటే అంకెలు మారతాయి, పద్ధతి మారదు. ఇందుకు ఒక తెల్ల కాగితం, ఫోన్‌లోని కాలిక్యులేటర్, మీ టికెట్ ప్రతి ఉంటే చాలు.

ముందుగా విమానాశ్రయాలను ఖాయం చేసుకోండి

ఊరి పేరుతో కాకుండా, టికెట్ మీద ఉండే మూడక్షరాల సంకేతంతో లెక్క మొదలుపెట్టండి. విశాఖపట్నంలో నౌకాదళ స్థావరమైన ఐఎన్ఎస్ డేగాలో ఉన్న విమానాశ్రయానికి వీటీజెడ్ అనీ, శంషాబాద్‌కు హెచ్‌వైడీ అనీ, దుబాయ్‌కి డీఎక్స్‌బీ అనీ, డల్లాస్‌లో అంతర్జాతీయ విమానాలు దిగే పెద్ద విమానాశ్రయానికి డీఎఫ్‌డబ్ల్యూ అనీ సంకేతాలున్నాయి. డల్లాస్‌లోనే లవ్ ఫీల్డ్ అనే మరో విమానాశ్రయం ఉంది. దాని సంకేతం డీఏఎల్. అమెరికాలోనే మరో నగరంలో విమానం మారి వచ్చేవారు, తమను తీసుకువెళ్లడానికి వచ్చేవారికి తాము దిగే విమానాశ్రయం సంకేతాన్ని ముందే చెప్పి ఉంచడం మేలు.

మన వైపు కూడా ఇదే జాగ్రత్త అవసరం. విజయనగరం జిల్లా భోగాపురం వద్ద అల్లూరి సీతారామరాజు పేరిట కొత్త అంతర్జాతీయ విమానాశ్రయం రూపొందింది కాబట్టి, టికెట్‌లో విశాఖ అని కనిపించినంత మాత్రాన సరిపోదు. మీరు ఎక్కవలసింది పాత విమానాశ్రయంలోనా, భోగాపురంలోనా అన్నది చూసుకోవాలి. ఆకాశంలో లెక్కించే వేల కిలోమీటర్లలో ఈ రెండింటి మధ్య దూరం కంటికి ఆనదు గానీ, రోడ్డు మీద మాత్రం అది గంటకు పైగా తేడా తెస్తుంది. శ్రీకాకుళం నుంచి జాతీయ రహదారి మీద వచ్చేవారికి రణస్థలం దాటాక భోగాపురం దారిలోనే తగులుతుంది. పాత విమానాశ్రయానికైతే తగరపువలస, ఆనందపురం మీదుగా నగరంలోకి వచ్చి, ఎన్ఏడీ కూడలిని కూడా దాటాలి. ఇచ్ఛాపురం, కవిటి ప్రాంతాలవారు ఇంకొక మాట గుర్తుంచుకోవాలి: వారికి విశాఖ పాత విమానాశ్రయం కంటే భువనేశ్వర్ విమానాశ్రయమే దగ్గర. జిల్లా ఆంధ్రప్రదేశ్‌లో ఉంది కదా అని విశాఖకే టికెట్ తీసుకోవాలన్న నియమమేమీ లేదు.

నేరు దూరం కట్టడం

గోడకు తగిలించిన ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి కొలిచే పని చేయకండి. గుండ్రని భూమిని చదునుగా పరిచినప్పుడు ధ్రువాలకు దగ్గరగా ఉన్న ప్రాంతాలు విపరీతంగా సాగిపోతాయి. ఆ పటం మీద విశాఖ నుంచి డల్లాస్‌కు గీత గీస్తే అది అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ సముద్రం మీదుగా పడమటికి పోతుంది. నిజమైన దగ్గరి దారి ఆ వైపే లేదు. అది ఏ వైపు ఉందో చూడాలంటే ఏదైనా బడిలో ఉండే గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య ఒక దారాన్ని బిగించి లాగండి. దారం తనంతట తాను దగ్గరి దారిలోకి జారుతుంది. దానినే మహావృత్త మార్గం అంటారు. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు మీద ఒక్కో సెంటీమీటరు దాదాపు 425 కిలోమీటర్లకు సమానం. కాబట్టి దారాన్ని స్కేలు మీద పెట్టి కొలిస్తే దూరం ఉజ్జాయింపుగా తెలుస్తుంది. పిల్లలున్న ఇంట్లో అయితే లెక్కకు ముందు ఈ దారం పద్ధతినే చేసి చూపించమంటాను.

ఇప్పుడు అంకెలతో చేద్దాం. ఫోన్‌లోని మ్యాప్‌లో విమానాశ్రయం మీద వేలు కాసేపు నొక్కి ఉంచితే రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది అక్షాంశం, రెండవది రేఖాంశం. రేఖాంశం ముందు మైనస్ గుర్తు ఉంటే అది పడమటి రేఖాంశమని అర్థం. విశాఖ పాత విమానాశ్రయం 17.72 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.22 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. డల్లాస్ విమానాశ్రయం 32.90 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 97.04 డిగ్రీల పడమటి రేఖాంశం మీద ఉంది.

ఈ జంటలో ఒక అరుదైన విశేషం ఉంది. 83.22, 97.04 కలిపితే 180.26 వస్తుంది. అంటే ఉత్తర ధ్రువానికి ఒక పక్కన విశాఖ ఉంటే, దానికి దాదాపు సరిగ్గా ఎదురు పక్కన డల్లాస్ ఉంది. అందువల్ల రెండింటి మధ్య దగ్గరి దారి ధ్రువం పక్కనుంచే పోతుంది, లెక్క కూడా కూడిక, గుణకారాలతోనే తేలిపోతుంది. విశాఖ నుంచి ధ్రువానికి 90 నుంచి 17.72 తీసివేస్తే 72.28 డిగ్రీలు. ధ్రువం నుంచి డల్లాస్‌కు 90 నుంచి 32.90 తీసివేస్తే 57.10 డిగ్రీలు. రెండూ కలిపితే 129.38 డిగ్రీలు. భూమి చుట్టుకొలత సుమారు 40,030 కిలోమీటర్లు కాబట్టి, దానిని 360తో భాగిస్తే ఒక్కో డిగ్రీకి 111.2 కిలోమీటర్లు వస్తాయి. 129.38ని 111.2తో గుణిస్తే సుమారు 14,390 కిలోమీటర్లు. అదే దూరాన్ని కొన్ని చోట్ల 8,940 మైళ్లనీ, విమానయానం వారి లెక్కలో 7,770 నాటికల్ మైళ్లనీ రాస్తారు. మైలు అంటే 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు అని గుర్తుంటే ఈ మూడూ ఒకటేనని తెలుస్తుంది.

అన్ని జంటలకూ ఇంత సులువుగా కుదరదు. మిగిలినవాటికి సూత్రం వాడాలి. రెండు అక్షాంశాల సైన్ (sin) విలువలను గుణించి ఒక పక్కన రాసుకోండి. రెండు అక్షాంశాల కొసైన్ (cos) విలువలనూ, రేఖాంశాల మధ్య తేడాకు కొసైన్‌నూ గుణించి దానికి కలపండి. వచ్చిన సంఖ్య ఏ కోణానికి కొసైన్ అవుతుందో కాలిక్యులేటర్‌లో విలోమ కొసైన్ మీట నొక్కి కనుక్కుని, ఆ కోణాన్ని 111.2తో గుణించండి. దుబాయ్ నుంచి డల్లాస్‌కు చేసి చూద్దాం. దుబాయ్ 25.25 ఉత్తరం, 55.36 తూర్పు. ఒకటి తూర్పు, మరొకటి పడమర కాబట్టి రెండు రేఖాంశాలనూ కలిపితే వాటి మధ్య తేడా 152.40 డిగ్రీలు. సైన్‌ల లబ్ధం 0.2317. కొసైన్‌ల లబ్ధం 0.7594ను, 152.40 డిగ్రీల కొసైన్ అయిన మైనస్ 0.8862తో గుణిస్తే మైనస్ 0.6730. రెండూ కలిపితే మైనస్ 0.4413. దాని కోణం 116.19 డిగ్రీలు, దూరం సుమారు 12,920 కిలోమీటర్లు. చాలా ఫోన్లలో కాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే ఈ మీటలు కనిపిస్తాయి. అది డిగ్రీలలో ఉందో, రేడియన్లలో ఉందో ముందే చూసుకోవాలి, లేకుంటే జవాబు అర్థంలేనిదిగా వస్తుంది.

విమానం నిజంగా వెళ్లే దూరం

విశాఖ నుంచి డల్లాస్‌కు నేరుగా వెళ్లే విమానం లేదు. 14,390 కిలోమీటర్లు ఆగకుండా ఎగరడం నేటి విమానాలకు అసాధ్యమేమీ కాదు, ఎందుకంటే సింగపూర్, న్యూయార్క్ మధ్య 15,300 కిలోమీటర్లకు పైగా ఉన్న దూరాన్ని ఆగకుండా దాటే సర్వీసు నడుస్తూనే ఉంది. అయితే అంత పెద్ద విమానాన్ని నిండుగా నింపేంత మంది ఒకే చోట నుంచి ఒకే చోటికి వెళ్లేవారు ఉండాలి. అందుకే మనవారు హైదరాబాద్ లేదా ఢిల్లీ చేరి, అక్కడి నుంచి దుబాయ్, దోహా వంటి చోట్ల మారి వెళతారు.

కాబట్టి మీ టికెట్‌లో ఉన్న ఒక్కో మజిలీకి విడిగా దూరం కట్టి కూడాలి. విశాఖ నుంచి హైదరాబాద్‌కు సుమారు 510, హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి 2,550, అక్కడి నుంచి డల్లాస్‌కు 12,920, మొత్తం 15,980 కిలోమీటర్లు. నేరు దూరం కంటే ఇది దాదాపు 11 శాతం ఎక్కువ. మూడు మజిలీల ప్రయాణానికి ఇది మంచి లెక్కే. మీరు ఎంచుకున్న దారిలో అదనం 25 శాతం దాటుతుంటే మరో దారి వెతకడం మంచిదని నా అభిప్రాయం.

ఆకాశంలో కూడా విమానం గీత గీసినట్టు పోదు. గాలులు, తుపానులు, మూసివేసిన గగనతలాలు దానిని పక్కకు మళ్లిస్తాయి. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా తన గగనతలాన్ని అమెరికా, ఐరోపా సమాఖ్య విమాన సంస్థలకు మూసివేసింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ భారతీయ విమానాలకు తన గగనతలాన్ని మూసివేయడంతో ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లే మన విమానాలు దక్షిణానికి చుట్టు తిరగవలసి వచ్చింది. ఒకే రెండు నగరాల మధ్య రెండు సంస్థల విమానాలకు వేర్వేరు సమయాలు కనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణం.

దూరం నుంచి గంటలు రాబట్టడం

జెట్ విమానం ఎత్తుకు చేరాక గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. విమానం పైకి లేవడం, కిందికి దిగడం, రన్‌వే దాకా నెమ్మదిగా కదలడం కూడా కలుపుకోవాలి కాబట్టి, దూరాన్ని 850తో భాగించి అరగంట కలిపితే సరిపోతుంది. విశాఖ నుంచి హైదరాబాద్‌కు ఈ లెక్కన గంటా పది నిమిషాలు, దుబాయ్‌కి మూడున్నర గంటలు, డల్లాస్‌కు పదిహేను గంటల నలభై నిమిషాలు వస్తాయి. టికెట్ మీది సమయాలు వీటికంటే కొంచెం ఎక్కువే ఉంటాయి, ఎందుకంటే విమాన సంస్థలు ఒక గేటు వదిలింది మొదలు మరో గేటు చేరే దాకా లెక్కించి, ఆలస్యాలకు కాస్త వెసులుబాటు కూడా ఉంచుకుంటాయి.

గాలి సంగతి మరిచిపోకూడదు. భూమి మధ్య అక్షాంశాల మీద, విమానాలు ఎగిరే ఎత్తులోనే, జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. దాని వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. అందువల్ల పడమటికి వెళ్లేటప్పుడు సమయం పెరుగుతుంది, తూర్పుకు తిరిగి వచ్చేటప్పుడు తగ్గుతుంది. దుబాయ్ నుంచి డల్లాస్‌కు దాదాపు పదహారు గంటలు పట్టే విమానానికి తిరుగు ప్రయాణంలో సుమారు పదిహేను గంటలే పడుతుంది.

గడియారాలన్నింటినీ భారత కాలానికి మార్చండి

నా దృష్టిలో మొత్తం పనిలో ఇదే ముఖ్యం. టికెట్ మీద ప్రతి సమయమూ ఆయా ఊళ్ల స్థానిక కాలంలో ఉంటుంది కాబట్టి, ఒకదాని నుంచి ఒకటి నేరుగా తీసివేస్తే తప్పు జవాబే వస్తుంది. ముందు అన్నింటినీ మన గడియారంలోకి మార్చి, ఆ తర్వాతే కూడికలు, తీసివేతలు చేయండి. దుబాయ్ కాలం మనకంటే గంటన్నర వెనుక, దోహా రెండున్నర గంటలు వెనుక. డల్లాస్ కాలం వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనుక. అమెరికాలో మార్చి రెండవ ఆదివారం గడియారాలను ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం ఒక గంట వెనక్కు తిప్పుతారు. దసరాకు ముందు టికెట్ కొని నవంబరులో ప్రయాణించేవారు ఈ మార్పును ప్రత్యేకంగా చూసుకోవాలి.

ఊహించిన సమయాలతో ఒక జూలై నెల ప్రయాణాన్ని కట్టి చూద్దాం. మీ టికెట్‌లోని అంకెలను వీటి స్థానంలో వేసుకోండి. బుధవారం రాత్రి 9.30కు విశాఖలో ఎక్కి 10.50కి హైదరాబాద్‌లో దిగుతారు. గురువారం తెల్లవారుజామున 4 గంటలకు దుబాయ్ విమానం కదులుతుంది. అది అక్కడి కాలం ప్రకారం ఉదయం 6.20కి చేరుతుందని టికెట్ చెబుతుంది. గంటన్నర కలిపితే మన కాలంలో 7.50. అంటే ప్రయాణం మూడు గంటల యాభై నిమిషాలు. దుబాయ్‌లో ఉదయం 9.30కి, మన కాలంలో 11 గంటలకు, డల్లాస్ విమానం బయలుదేరుతుంది. డల్లాస్‌లో అదే గురువారం సాయంత్రం 4.30కి దిగుతుందని ఉంటుంది. దానికి పదిన్నర గంటలు కలిపితే మన కాలంలో శుక్రవారం తెల్లవారుజామున 3 గంటలు. ఉదయం ఎక్కి సాయంత్రానికి దిగామనిపించే ఈ మజిలీ నిజానికి పదహారు గంటలది.

ఇప్పుడు కూడండి. గాలిలో గడిపేది ఇరవయ్యొక్క గంటల పది నిమిషాలు. హైదరాబాద్‌లో ఐదు గంటల పది నిమిషాలు, దుబాయ్‌లో మూడు గంటల పది నిమిషాలు, మొత్తం ఎదురుచూపు ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. విశాఖ గేటు నుంచి డల్లాస్ గేటు దాకా ఇరవై తొమ్మిదిన్నర గంటలు.

గల్ఫ్ వైపు, అమెరికా వైపు వెళ్లే విమానాలు అర్ధరాత్రి దాటాక బయలుదేరడం సాధారణం కనుక తేదీ విషయంలో గట్టి జాగ్రత్త కావాలి. పై ఉదాహరణలో హైదరాబాద్ విమానం తేదీ గురువారం, మీరు శ్రీకాకుళంలో ఇల్లు వదిలేది బుధవారం. హైదరాబాద్ నుంచి విడి టికెట్ కొన్నవారు గురువారం రాత్రికి శంషాబాద్ చేరితే, విమానం వెళ్లిపోయి దాదాపు రోజు గడిచిపోయి ఉంటుంది. టికెట్‌లో సమయం పక్కన ప్లస్ ఒకటి అని కనిపిస్తే మరుసటి రోజు తేదీ అని అర్థం.

గుమ్మం నుంచి గుమ్మానికి

ఇక మిగిలింది నేల మీది సమయం. శ్రీకాకుళం నుంచి పాత విశాఖ విమానాశ్రయానికి నూరు కిలోమీటర్లు దాటుతుంది. రెండున్నర గంటలు పడుతుందనుకుని మూడు గంటలు కేటాయించండి. దేశీయ విమానానికి రెండు గంటల ముందు చేరాలి. అంటే రాత్రి 9.30 విమానానికి సాయంత్రం 4.30కే ఇల్లు కదలాలి. విజయనగరం నుంచైతే సుమారు గంటన్నర సరిపోతుంది. వర్జ్యం, రాహుకాలం చూసుకునే పెద్దలున్న ఇళ్లలో ఈ బయలుదేరే వేళను ముందే చెప్పి ఉంచితే, అవసరమైతే ఉదయమే ఒక సంచిని పొరుగింట్లో ప్రస్థానం పెట్టుకుంటారు, చివరి గంటలో తర్జనభర్జన ఉండదు.

డల్లాస్‌లో ఇమ్మిగ్రేషన్ వరుస, సామాను, ఇంటికి కారు ప్రయాణం కలిపి రెండున్నర గంటలు వేసుకోండి. ముందు ఐదు గంటలు, మధ్యలో ఇరవై తొమ్మిదిన్నర, చివర రెండున్నర, మొత్తం ముప్పై ఏడు గంటలు. బుధవారం సాయంత్రం 4.30కి బయలుదేరి గురువారం రాత్రి 7 గంటలకు చేరినట్టు గడియారాలు చూపుతాయి. ఆ ఇరవై ఆరున్నర గంటలకు కాలాల తేడా పదిన్నర కలిపినా ముప్పై ఏడే వస్తుంది. ఇలా రెండు విధాలుగా చేసినా ఒకే జవాబు వస్తే మీ లెక్క సరైనదే. ఇన్సులిన్ వంటి మందులు వేళకు తీసుకునేవారు ఈ కాగితాన్ని డాక్టరుకు చూపించి, ఏ మోతాదు భారత కాలం ఎన్ని గంటలకో దాని మీదే రాయించుకోవాలి.

మధ్యలో ఆగే సమయాన్ని మరీ తగ్గించుకోకండి. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ సంఖ్య) మీద ఉంటే, మొదటి విమానం ఆలస్యమై రెండవది తప్పిపోయినప్పుడు తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత విమాన సంస్థది. విశాఖ నుంచి హైదరాబాద్‌కు విడిగా చౌక టికెట్ కొంటే ఆ భారమంతా మీదే. సామాను మీరే తీసుకుని మళ్లీ చెక్ ఇన్ చేయాలి, అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు కౌంటరు దగ్గర ఉండాలి. అలాంటి టికెట్లు తీసుకునేవారు హైదరాబాద్‌లో కనీసం ఐదారు గంటల వ్యవధి ఉంచుకోవాలి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలెక్కి వెళ్లేవారికి ఒక రాత్రి పూర్తిగా గడుస్తుంది, ఆపైన సికింద్రాబాద్ నుంచి శంషాబాద్‌కు నగరం దాటాలి. అందువల్ల ఒక రోజు ముందే బయలుదేరడం ఉత్తమం. అమెరికాలో మరో నగరంలో విమానం మారవలసి ఉంటే, సాధారణంగా మొదట దిగిన చోటే ఇమ్మిగ్రేషన్ పూర్తిచేసి, పెట్టెలు తీసుకుని, తిరిగి అప్పగించాలి. దానికి రెండు గంటల కంటే తక్కువ వ్యవధి ఉన్న టికెట్‌ను పెద్దవారికి కొనవద్దు.

తిరుగు ప్రయాణం

వచ్చేటప్పుడు గాలి తోడుగా ఉంటుంది గానీ క్యాలెండర్ ఎదురు తిరుగుతుంది. డల్లాస్‌లో గురువారం రాత్రి 7 గంటలకు ఎక్కితే మన కాలంలో అది శుక్రవారం ఉదయం 5.30. పదిహేను గంటల తర్వాత, మన కాలంలోనే శుక్రవారం రాత్రి 8.30కి దుబాయ్‌లో ఉంటారు. మూడు గంటలు ఆగి, 11.30కి బయలుదేరి, శనివారం తెల్లవారుజామున 3 గంటలకు హైదరాబాద్ చేరతారు. విదేశం నుంచి వచ్చేవారు సాధారణంగా మొదట దిగిన విమానాశ్రయంలోనే ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ ముగించుకోవాలి కనుక ఉదయం 7 గంటల విశాఖ విమానానికి ఉన్న నాలుగు గంటలు అవసరమైనవే. 8.15కి విశాఖ. డల్లాస్ గేటు నుంచి లెక్కిస్తే ఇరవై ఆరు గంటల నలభై ఐదు నిమిషాలు. గురువారం ఎక్కుతున్నామని అక్కడి నుంచి ఫోన్‌లో చెబితే ఇక్కడివారు శుక్రవారానికే కారు మాట్లాడి ఉంచే అవకాశం ఉంది. డ్రైవరుకు చెప్పవలసింది శనివారం ఉదయం 8.15, విశాఖలో దిగే విమానం సంఖ్య, అది పాత విమానాశ్రయమో భోగాపురమో అన్న సంగతి.